సున్న లేని మండీ

సంతపేటలో బోర్డులు రాసేవాణ్ణి నేను.
ఫ్లెక్సులొచ్చినాక కుంచెలు
కిరసనాయిలు డబ్బాలోనే ముసలివైనాయి.
అయినా ఏకాంబరం కబురంపినాడు,
"పేరు రాయాల, నువ్వే రావాల చెంగల్రాయా" అని.
ఏ గోడకప్పా అంటే
గోడ లేదన్నాడు.

బెల్లం దిమ్మెల మధ్య, కాటా పక్కన,
కందిరీగలు తిరిగే చోట
జెరాక్సు అంగడి ముబీనా కంప్యూటరు పెట్టుకోనుంది.
ముందు అడ్రసు కొనాలంట,
అంగడి కట్టేది ఆ తర్వాతనంట.
అది మాత్రం నాకు తెలిసిన సంగతే.
జాగా లేకుండా పునాది యాడ తీస్తారు?

ఏకాంబరం అని కొట్టింది.
అది పోయుండాది.
కంచిలో ఎవరో పట్టుచీరలాయన
పదేళ్ల కిందటే కొనుక్కున్నాడు.

పోయినేడు మదనపల్లె పిల్లోడొకడు
పేరుకు ముందర వై అనే అక్షరం తగిలించి
ఒక అంగడి కట్టిచ్చినాడు.
ఆ వై ఎవురూ కొట్టలేదు.
కొట్టకుండా పోయి
నేరుగా కంచి చీరల్లో పడినారు.
హోసూరు నించి ఒకామె ఫోను చేసి
"బెల్లం అడిగితే జరీ చూపిస్తారేంది" అని తిట్టిందంట.
ఏకాంబరం ఈ మాట చెప్తా నవ్వలేదు.

బెల్లానికి ఎల్ ఒకటా రెండా,
మండీ చివర ఐ రాయాల్నా, రెండు ఈలు రాయాల్నా.
మన దీర్ఘాలకు ఆ అక్షరాల్లో కొమ్ములూ లేవు గుడులూ లేవు.
ముబీనా ఒక్కొక్కటే కొడతా పోయింది.
ఎర్రగా, ఖాళీ లేదు.
మళ్లీ ఎర్రగా.
శనివారం సాయంత్రం తిరుపతి బస్సు మాదిరి.
మధ్యలో ఎమ్ మీట ఇరుక్కుపోయింది,
ఏకాంబరం వేలికుండే పాకం.
వదిలినా ఎమ్మెమ్మెమ్మెమ్ అంటా
అద్దం నిండా దూడ అరిచినట్టు.

మూట దించతా దించతా
హమాలీ మొగిలప్ప అన్నాడు:
"ఊరంతా సున్న లేని మండీ అంటాది గదా.
అదే రాసుకోండి."

నా చెవులు కాలినాయి.

తొంభై ఆరు. నాయనకు జ్వరం.
నేను ఒంటిగా రాసిన మొదటి బోర్డు.
నీలం మీద పసుపు.
ఏ రాసినా, కా రాసినా,
నిచ్చెన జరిపి, బ రాసినా.
తెల్లారి పూజలో
ఒక గుమాస్తా గట్టిగా చదివినాడు, ఏకాబరం అని.
మధ్యాన్నమే ఎక్కి సున్న పెట్టినా.
చోటు చాలక అది
మిరియం గింజంత ఇరుక్కోని కూచుంది.
అయితే ఏం, అప్పటికే
తవణంపల్లె బండ్లూ పూతలపట్టు బండ్లూ
పేరు ఎత్తుకోని పోయినాయి.
"యాడ దించితివి సరుకు?"
"సున్న లేని మండీలో."
అప్పట్నించీ ఆ వీధిలో
తలెత్తి నడిచింది లేదు నేను.

ఏకాంబరం కాటా రాళ్లు చూస్తా ఉండిపోయినాడు.
"సున్నలు లేని యాపారమేందప్పా" అన్నాడు.
అని, పొట్ట అదిరేట్టు నవ్వినాడు.

ముబీనా కొట్టింది.
పచ్చగా వెలిగింది.
ఇంత పెద్ద లోకంలో
ఆ తప్పు ఇంకెవురూ చేసినట్టు లేదు.

ఏడాదికి ఎనిమిదొందలన్నారు.
"అద్దెనా? సొంతం కాదా?"
పావుగంట బేరమాడినాడు,
అవతల మనిషి లేడని తెలిసి కూడా.

ఇంక పేరు తర్వాత చుక్క పెట్టాల, దాని తర్వాత కామ్.
"చుక్క నువ్వే పెట్టు మామా" అనింది ముబీనా,
"ఈసారి మరిచిపోవద్దు."
మీట మీద నా వేలు
నిచ్చెన మీద కాలు వణికినట్టే వణికింది.

పెట్టినా.
అద్దం మీద ఒక చీమ ఎక్కొచ్చి
ఆ చుక్క పక్కనే నిలబడింది.
రెండు పెట్టేసినానేమోనని గుండె ఆగింది.
ఊదినా.
చీమ పోయింది.